విత్తనము నిలిపిన స్త్రీలు: జహీరాబాదు సీమయు, గల్లా ద్వీపములును

ధాన్యముల చరిత్రము వ్రాయఁబూనువారికి మన వాఙ్మయమున సాధనములు లేకపోలేదు. పాణిని యష్టాధ్యాయిలో నైదవ యధ్యాయపు ద్వితీయపాదారంభమున ధాన్యములు పండు పొలములకుఁ బేళ్ళు కల్పించు ప్రత్యయములు విధింపఁబడినవి. వ్రీహులు పండునది వ్రైహేయము. శాలులు పండునది శాలేయము. నువ్వులు పండునది తిల్యము, లేదా తైలీనము. సన్నగింజ యగు అణువు పండునది అణవ్యము, లేదా ఆణవీనము. సామాన్యసూత్రమునకుఁ గాశికావృత్తియం దీయఁబడిన యుదాహరణములలోఁ బెసరచేను, ఆరికచేను, ఉలవచేను గలవు. ఎందఱో రాజుల పేళ్ళు మాసిపోయిన తరువాతఁ గూడ ఆరికచేనికిఁ గౌద్రవీణమను పేరు నిలిచియున్నది.

అయినను పేరు నిలుచుట యొకటి, గింజ నిలుచుట యొకటి. శబ్దమును తాటియాకుపై నొకమాఱు గీచి దాఁచినచో మున్నూఱేండ్లకైనను జదువవచ్చును. విత్తనము నట్లు దాఁచుటకు వీలులేదు. కొలఁది యేండ్ల కొకమాఱైన దానిని నేలలో వేసి, పండించి, మేలైన కంకుల నేఱి, మరల దాఁచవలెను. ఒక్క తరమువా రేమఱినచో నిఘంటువునఁ బదము మిగులును. చేనిలో గింజ మిగులదు. ఇట్లు వేలయేండ్లు ఏమఱక కాచిన వారెవరను ప్రశ్నకు శాసనములు గాని కావ్యములు గాని యుత్తర మీయవు. దానశాసనములలో భూమి యిచ్చిన రాజును, పుచ్చుకొన్న విప్రుఁడును, పొలిమేరలోని చింతచెట్టును గూడఁ గానవత్తురు. ఆ భూమిలో వేసిన విత్తనమును ఇంటిలో దాఁచినదెవరో కానరాదు.

ఈ ప్రశ్నకుఁ బ్రత్యక్షముగ నుత్తరము చెప్పఁదగిన తావు తెలంగాణమున జహీరాబాదు సీమ. అచటి దళిత స్త్రీలు గడచిన నలువది యేండ్లలో జొన్న, సజ్జ, తైద, కొఱ్ఱ, సామ, ఆరిక మొదలగు మెట్టధాన్యములను, వానితోడి పప్పుదినుసులను, ఆకుకూరలను రక్షించిన విధము చరిత్రకారు లుపేక్షింపఁదగినది కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రముల యాగ్నేయతీరమున గల్లా యనియు గీచీ యనియుఁ బిలువఁబడు నాఫ్రికా సంతతివారిలోని స్త్రీలును ఇట్టి పనియే చేసినారు. ఈ రెంటిని జతపఱుచుట కేవలసాదృశ్యమునుబట్టి కాదు. రెండుచోటులఁ గాపాడఁబడిన గింజలలోఁ గొన్నింటి పుట్టినిల్లొక్కటియే.

వృక్షశాస్త్రజ్ఞులును పురాతత్త్వజ్ఞులును నిర్ణయించినదానినిబట్టి జొన్న తూర్పు సూడాను ప్రాంతమునను, సజ్జ సహారా యెడారికి దక్షిణమున నున్న సహేలు సీమలోను, కోస్తావారు రాగి యనియుఁ జోడి యనియు నను తైద తూర్పు ఆఫ్రికా మిట్టలలోను, అలసంద పశ్చిమాఫ్రికాలోను మొదట సాగునకు వచ్చినవి. క్రీస్తునకుఁ బూర్వము రెండవ సహస్రాబ్దమున నివి భారతభూమిఁ జేర మొదలిడినవి. అవి రాకపూర్వము దక్కను పీఠభూమిలోని నవశిలాయుగపుఁ బల్లెలవారు ముఖ్యముగఁ దిన్నవి అండుకొఱ్ఱలు, పెసలు, ఉలవలు. బెండయు, తెలంగాణమునఁ బుంటికూర యనఁబడు గోఁగుకూరయుఁ గూడ నాఫ్రికా సంబంధము గలవే యని చెప్పుదురు. గోంగూర నాంధ్రుల జాతీయచిహ్నముగఁ బొగడువారికిది వింతగాఁ దోఁచవచ్చును గాని, చిరకాలము కాపురము చేసిన దానిని పరదేశి యనుట యుక్తము కాదు.

సంస్కృతమున జొన్నకు యవనాళము, యావనాళము అని పేళ్ళు. ఇందు విదేశీయులగు యవనుల పేరున్నదని కొందఱును, యవ నాళ శబ్దముల సమాసమని కొందఱును జెప్పుదురు. యవలవంటి గింజయుఁ బొడవైన కాఁడయుఁ గలది యను రెండవ వ్యుత్పత్తియే వ్యాకరణమునకు సుకరము. పాణిని క్షేత్రసూత్రములలో జొన్న పేరు లేదు. అంతమాత్రమున నాఁడు జొన్న లేదని తేల్చరాదు. సామాన్యసూత్రము సకలధాన్యములకుఁ జాలును. తెలుఁగు కవులలో జొన్నకూటిని తలఁచినవారు దానిని మెచ్చుటకంటెఁ బరిహసించుటయే యెక్కువ. శ్రీనాథుని పేర వ్యాప్తిలో నున్న పలనాటి చాటువు లిందుకు సాక్షి. రాజాన్నపుటన్నమున కలవడిన నాలుక అట్లనుట సహజమే; కాని పలనాడు బ్రదికినది ఆ కూటితోనే.

ఈ ధాన్యకుటుంబమే పడమటికిఁ బోయిన త్రోవ మిక్కిలి దుఃఖకరమైనది. పదునెనిమిదవ శతాబ్దమున దక్షిణ కరొలైనా, జార్జియా తీరముల వరిమడులలోఁ బని చేయించుటకుఁ బశ్చిమాఫ్రికానుండి వేలకొలఁది జనులను బానిసలుగఁ గొనిపోయిరి. వారిలోఁ బెక్కురు వరిసాగు నెఱిఁగినవారు. వారితోఁ గూడ, లేదా వారిని మోసిన యోడల వంటసామగ్రితోఁ గూడ అలసందలు, జొన్నలు, బెండగింజలు, నువ్వులు సముద్రము దాఁటినవి. స్త్రీలు తల వెండ్రుకలలో వడ్లగింజలు దాఁచి తెచ్చిరని సురినాము దేశమున దాస్యమునుండి తప్పించుకొని యడవులఁ జేరినవారి సంతతిలో నొక యైతిహ్యము గలదు. జూడిత్ కార్నీ యను విదుషి 2001లోఁ బ్రకటించిన గ్రంథమున ఆఫ్రికా స్త్రీపురుషుల జ్ఞానమే కరొలైనా వరిసాగునకు మూలమని వాదించెను. ఆ వాదముయొక్క విస్తృతినిగూర్చి పండితులలో భిన్నాభిప్రాయములు గలవు. వంటయింటి విషయమున మాత్రము వివాదమునకుఁ దావు లేదు. అన్నమును అలసందలతోఁ గలిపి వండు పులగమువంటి వంటకము నేఁటికిని ఆ సీమలో సంవత్సరాది భోజనము. నువ్వులకు వారు బెన్నె యందురు. అది పశ్చిమాఫ్రికా భాషాపదము.

ఈ పదముల విషయమున నొక ముఖ్యాంశము గలదు. గల్లావారి భాష చెడిపోయిన యింగ్లీషని చిరకాలము విద్వాంసులు త్రోసిపుచ్చిరి. గోశబ్దమునకుఁ బల్లెలలోఁ గలిగిన గావీ గోణీ మొదలగు రూపములను పతంజలి యపభ్రంశములని లెక్కించినట్లే వీరును లెక్కించిరి. పతంజలి ఆ రూపములను బేర్కొనియైనను రక్షించెను, వీ రదియుఁ జేయలేదు. లొరెంజో డౌ టర్నర్ అను నల్లజాతి భాషాశాస్త్రజ్ఞుఁడు (1890-1972) ఇరువది యేండ్లకు దగ్గఱగాఁ బాటుపడి, 1949లోఁ దన గ్రంథముచే ఆ భాషలోని వేలకొలఁది పదములకును పేళ్ళకును ఆఫ్రికా మూలములను జూపెను. ఆయన జార్జియాలోని హారిస్ నెక్ అను నూర అమీలియా డాలీ యను స్త్రీనోట నొక పాటను యంత్రమున నెక్కించికొనెను. ఆమెకు దాని యర్థము తెలియదు, పెద్దలనుండి నేర్చినది. అది మెండే భాష. ఆ పాట సియెరా లియోన్ దేశమున నొక పల్లెలో నింకను బ్రతికియున్నదని 1990లోఁ బరిశోధకులు కనుఁగొనిరి. అచటఁ గూడ దానిని దాఁచినది స్త్రీయే. మృతులకు స్త్రీలు జరుపు కర్మలోని పాట యది. అమీలియా డాలీ కూఁతురు మేరీ మోరన్ 1997లో ఆ పల్లెకుఁ బోయి ఆ పాటను గలసి పాడెను. అర్థ మెఱుఁగకయే అక్షరము తప్పకుండ నప్పగించు నీ పద్ధతి వేదపాఠకులకుఁ గ్రొత్త గాదు.

వంటకములును అట్లే వ్రాతలేక వచ్చినవి. వర్టమే స్మార్ట్-గ్రోస్వెనర్ 1970లోఁ బ్రకటించిన పాకగ్రంథమునఁ గొలతలు లేవు. కంటితోఁ జూచియు, వాసన పీల్చియు వండుటయే తన పద్ధతి యని యామె వ్రాసెను. ఎడిస్టో ద్వీపవాసిని యగు ఎమిలీ మెగెట్ జీవితమంతయుఁ దన యింటను, ధనికుల యిండ్లలోను వండి, 2022లోఁ దన 89వ యేఁట మొదటి గ్రంథమును వెలువరించి, 2023లో మరణించెను. సపెలో ద్వీపమునఁ గార్నీలియా వాకర్ బెయిలీ (1945-2017) చేసినది మఱింత ప్రస్తుతము. ఆ ద్వీపముపైఁ దరతరముల ఆఫ్రికా సంతతి గ్రామము హాగ్ హామక్ ఒక్కటియే మిగిలినది. 2012లో నచటి భూముల పన్ను లొక్కమాఱుగఁ బెరిఁగెను. సెలవు దినములు గడపవచ్చు ధనికులు నేలను గొని మేడలు కట్టుటచే, ప్రక్కనున్న చిన్న యింటికిని ఆ వెలయే కట్టి పన్ను వేసిరి. బెయిలీ అపుడు తన వంశీయులు పెరటిలోఁ గాచుకొన్న యెఱ్ఱయలసందలను మరల చేనికెక్కించి, వాని ధనముతోఁ బన్ను కట్టించుటకుఁ బూనెను. విత్తనము నేలను గాచుటకు నిలువఁబడిన యుదాహరణ మిది. ఆఫ్రికానుండి వచ్చిన యా అలసందయే జహీరాబాదు చేలలో జొన్నసాళ్ళ నడుమఁ బాఁకుచున్నది.

ఇఁక మన సీమకు వత్తము. హైదరాబాదునకుఁ బడమట గండిపేట జలాశయమునకుఁ జేరువ నార్సింగి గలదు. నరసింహ శబ్దభవ మని తోఁచెడి యీ పేరుగల యూరు మొన్నమొన్నటి దాఁక మెట్టపొలములు, బండఱాళ్ళు, తుమ్మచెట్లు గల పల్లె. నేఁడు అది కంప్యూటరు కార్యాలయముల నగరములో భాగము; బాహ్యవలయ రహదారి దాని మీఁదుగఁ బోవుచున్నది. ఆ రహదారిపై నొకదెస రాజేంద్రనగరున భారత చిరుధాన్య పరిశోధన సంస్థయు, వేఱొకదెసఁ బటాన్‌చెరువున 1972లో స్థాపింపఁబడిన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ యగు ఇక్రిశాట్టును గలవు. పటాన్‌చెరువునుండి బొంబాయి రహదారిని బట్టి సంగారెడ్డి మీఁదుగఁ బోయినచో కర్ణాటక సరిహద్దుకడ జహీరాబాదు. అది 2016వఱకు మెదకు జిల్లాలోనిది, పిదప సంగారెడ్డి జిల్లాలోనిది. నేల చాలవఱకు ఎఱ్ఱనిది, పలుచనిది, నడుమనడుమ నల్లరేగడి. నీరు తక్కువ. అట్టి నేలకుఁ దగినవే మెట్టధాన్యములు.

ఆ పంటలకుఁ గీడు రెండు త్రోవల వచ్చినది. 1960 తరువాతి వ్యవసాయవిధానము నీరు, రసాయనపుటెరువు, క్రొత్తవంగడములు కోరు వరి గోధుమలనే పోషించినది. 1983లోఁ గిలో రెండు రూపాయల బియ్యపుఁ బథకము వచ్చినది. ఆఁకలిగొన్నవారి కది మేలు చేసినదనుట నిర్వివాదము. కాని చౌకదుకాణమున బియ్యము దొరకుచుండఁగాఁ గష్టపడి జొన్న వేయువాఁడు తగ్గెను. వేయకపోఁగాఁ జేను బీడువడెను. చేను బీడువడఁగాఁ బనియుఁ బసరముల చొప్పయుఁ బోయెను. వీనికిఁ దోడు సిగ్గు. బియ్యపుటన్నము దొరల తిండి, జొన్నగటుక పేదల తిండి యను తరతమభావము బిడ్డలలోఁ బాదుకొనెను. ఆహారమును జంపుటకుఁ గఱవుకంటె సిగ్గు సమర్థమైనది.

ఆ 1983వ సంవత్సరముననే జహీరాబాదు కడఁ బస్తాపూర్ గ్రామమున డెక్కన్ డెవలప్‌మెంటు సొసైటీ పని మొదలిడెను. దాని స్థాపకులలో ముఖ్యుఁడు పి. వి. సతీష్ (1945-2023). మైసూరువాఁడు, పత్రికారచయిత, దూరదర్శనమునఁ గార్యక్రమనిర్మాత. సంస్థవారు మొదట వచ్చునపుడు తామే బోధకులనుకొని వచ్చిరి గాని, పల్లెస్త్రీలకుఁ దెలిసినది తమకుఁ దెలియదని త్వరలోనే గ్రహించిరి. ఊరూర నేర్పడిన స్త్రీసంఘములలోఁ బెక్కురు దళితులు, ఎకరమో రెండెకరములో చెడ్డనేల గలవారు. క్రమముగ సుమారు 75 గ్రామములలో సుమారు 5000 మంది స్త్రీ లిందుఁ జేరిరి.

1990 తరువాతి దశకము నడుమ వారు చేసిన ధాన్యనిధి ప్రయోగము పరిశీలింపఁదగినది. బీడువడిన చేలకుఁ బెట్టుబడి ఋణముగ నిచ్చి, తిరిగి ధనము గాక జొన్నలనే కొన్నియేండ్లపాటు వాయిదాలుగఁ గొలిపించుకొనిరి. ఆ జొన్న ఊరిలోనే నిలువయుండి, వానకాలపుఁ గఱవునెలలలో నిఱుపేదలకుఁ దక్కువవెలకుఁ గొలువఁబడెను. నిఱుపేద యెవరని నిర్ణయించినది కచ్చేరి గాదు. ఊరి పటమును నేలపై ముగ్గువేసి, యింటింటిని జూపుచు, స్త్రీలే బహిరంగముగఁ దరగతులు నిర్ణయించిరి. పంట పండించినది, దాఁచినది, కొలిచినది, తిన్నది ఊరిలోనే. ప్రభుత్వపు బియ్యపుబండి ఎంతదూరమునుండి వచ్చునో చూచినవారి కీ భేదము తెలియఁగలదు.

అన్నింటికంటె ముఖ్యమైనది విత్తనము. కోఁతకు ముందు చేనిలో నిలుచున్న పైరునందే మేలైన కంకులను జూచి యేఱుట స్త్రీల పని. ఏఱినవానిని ఎండఁబెట్టి, చేతితో రాల్చి, చెఱిగి, బూడిదయు వేఁపాకును గలిపి, పేఁడయు నెఱ్ఱమన్నును మెత్తిన వెదురుబుట్టలోఁ బోసి, గడ్డిపెట్టి మూఁతి మెత్తుదురు. చూచుట కిది సామాన్యమైన పని. కాని ఏ గింజకు ఎంత యెండ, ఏ గింజ బూడిదలో నిలుచును, ఏది కంకితోనే వ్రేలాడఁగట్టవలెను, ఏది రెండవయేఁడు మొలకెత్తదు అను విశేషములు ప్రతివిత్తనమునకు వేఱు. వ్యాకరణమున నుత్సర్గమున కపవాదములున్నట్లే యిందును గలవు. అపవాదముల నెఱుఁగనివాని శాస్త్రము పరీక్షకుఁ జాలును గాని ప్రయోగమునకుఁ జాలదు. హుమ్నాపూర్ లక్ష్మమ్మవంటి విత్తనస్త్రీల బుట్టలలో నిట్టి రకములు పదులకొలఁది యుండును.

ఒక చేనిలో నొకే పంట వేయుట వారి మతము కాదు. జొన్నలోఁ గంది, నడుమ పెసర, అనుము, అలసంద. గట్టువెంట పుంటికూర, నువ్వు. ఎకరములోఁ బదిపదునైదు రకములు, కొన్నియెడల నంతకంటె నెక్కువయుఁ గలసిమెలసి పెరుఁగును. వాన ముందుగఁ బోయిన నొకటి దక్కును, ఆలసించిన వేఱొకటి దక్కును. చలికాలమున నల్లరేగడిలో వానలేకయే నేలలోని తేమచేతను మంచుచేతను బండు తెల్లజొన్న, శనగ, కుసుమ, అవిసెలకు వారు సత్యంపంట లని పేరుపెట్టిరి. ఎరువడుగక, నీరడుగక, చెప్పినమాట తప్పక పండును గనుక సత్యము. పంటకు సత్యశబ్దమును బ్రయోగించిన యీ వ్యవహర్తలు వ్యాకరణము చదివినవారు గారు; వారి ప్రయోగము నెన్ని పండితసభలైనను శిరసావహింపఁదగినది.

విత్తకయే వచ్చు కూరలు వేఱు. దొగ్గలి, తుమ్మి, జొన్నచెంచలి, పొనగంటి, గునుగు మొదలగు నాకులను వ్యవసాయాధికారులు కలుపు లనిరి, స్త్రీలు కూరలనిరి. కలుపుమందు చల్లిన చేనిలో వారి పప్పులోఁ బడవలసిన యాకు చచ్చును. కలుపు తీయుటకుఁ బోయి కూర గిల్లుకొని వచ్చు స్త్రీకి ఆ చేను రెండుమాఱులు ఫలించును. పుస్తకమున దిగుబడి లెక్కకట్టువారి పట్టికలో నీ రెండవఫలము చేరలేదు.

ఏటేట సంక్రాంతినాఁడు పాత పంటల జాతర బయలుదేఱును. అలంకరింపఁబడిన యెడ్లబండ్లలో మట్టికుండలలోఁ దీరుతీరుల విత్తనములు పెట్టుకొని, సుమారు నెలదినము లూరూర దిరుగుదురు. ప్రతియూరను బండ్లకెదురు వచ్చి, పాటలు పాడి, పంటలమాట చర్చింతురు. దేవుని యుత్సవవిగ్రహము పల్లకిలోఁ దిరిగినట్లు ఇచట గింజలు తిరుగును. ఈ సంఘములవారే 2008 అక్టోబరు 15న మాచ్‌నూరున సంగం రేడియోను నెలకొల్పిరి. జనరల్ నర్సమ్మ, ఆల్గోలు నర్సమ్మ యను దళితయువతులు దానిని నడపిరి. ఇరువురి పేళ్ళును నరసింహనామభవములే యగుట నార్సింగివారు గమనింపఁదగిన చిన్న వినోదము. రేడియో నేల కోరిరనఁగా, పట్టణపు రేడియోలోని తెలుఁగు తమ తెలుఁగు కాదని వారనిరి. విత్తనమును దాఁచినవారే పలుకుబడిని దాఁచుట కాశ్చర్యపడ నక్కఱలేదు. గటుక, తైద, మానిక, గుమ్మి మొదలగు మాటలు ఆ వస్తువులతోనే బ్రతుకును. ఈ స్త్రీల పనికి 2019లో ఐక్యరాజ్యసమితి యభివృద్ధి శాఖవారి ఈక్వేటర్ బహుమానము వచ్చెను.

ఇక్రిశాట్టువారి బీజనిధిలో లక్షకుఁ బైబడిన నమూనాలు శీతలగృహములో భద్రపఱుపఁబడియున్నవి. దానిని తక్కువచేయుట యవివేకము. యుద్ధములు వచ్చి విత్తనము నశించిన దేశములకు అట్టి నిధులే దిక్కు. అయితే శీతలగృహములో గింజకుఁ గాలము నిలిచిపోవును. వాన మాఱినపుడు, పురుగు మాఱినపుడు తానును మాఱుటకు దానికి నేల కావలెను. ఏ గింజ రొట్టెకు మేలు, ఏది బాలింతకుఁ బెట్టవలెను అను జ్ఞానము సీసాలోఁ బట్టదు. ఇది కోశమునకును భాషకును గల భేదమే. రెండును గావలెను, కాని కోశ మున్నదిగదా యని మాటాడుట మానుకొన్న జాతి లేదు.

కాలచక్రమిపుడు వేఱొకవైపు తిరిగినది. 2013 నాఁటి జాతీయాహారభద్రతా చట్టమున ముతకధాన్యములు కిలో రూపాయికి నిర్ణయింపఁబడినవి. చట్టమునఁ బేరు చేరుట వేఱు, దుకాణమున గింజ చేరుట వేఱు. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్యసంవత్సరముగఁ బాటించెను. ముతకధాన్య మను పేరు పోయి సిరిధాన్యము, శ్రీఅన్న మను పేళ్ళు వచ్చినవి. పేరు మార్చుటలో దోషము లేదు, సిగ్గు పోవుటకది యుపకరించును. నార్సింగి యంగళ్ళలో కొఱ్ఱలు, అండుకొఱ్ఱలు నేఁడు మంచిబియ్యముకంటె నధికమగు వెలకుఁ జక్కని సంచులలో దొరకును. మధుమేహమునకు భయపడి వానిని గొనువారిలోఁ బెక్కురు తాతలు వానినే తినలేక పట్టణమునకు వచ్చినవారు. ఆ సంచిపైఁ గొలతయు, వెలయు, పోషకవిలువల పట్టికయు నుండును. గింజ ఏ యూరిది, నలువదియేండ్లు దానిని గాచిన దెవరు అను మాట యుండదు. ధాన్యమునకుఁ గలిగిన గౌరవము ధాన్యరక్షకురాలికిఁ జేరినదా యను ప్రశ్న ఇంకను దీరలేదు. ఎమిలీ మెగెట్టువలెఁ బరుల యిండ్లలో వండి వయసు గడపిన స్త్రీల వంటకములు అమెరికా నగరముల పెద్ద భోజనశాలలలోఁ బేరొందినపుడును ఈ ప్రశ్నయే పుట్టినది.

నేలవిషయమున సపెలోకును మనకును గల పోలిక మఱింత కఠినమైనది. 2023 ఆగస్టులో నార్సింగికిఁ బ్రక్కనున్న కోకాపేటలోఁ బ్రభుత్వము వేలమువేయఁగా ఎకర మొకటి 100 కోట్ల రూపాయలకుఁ బైగాఁ బలికెను. ఆ నేలపై జొన్న వేయు మని యెవరును జెప్పరు, చెప్పినను వినఁబడదు. బాహ్యవలయమును దాఁటి యా వెలలు బొంబాయి రహదారివెంటఁ బడమటికి నడచుచున్నవి. పారిశ్రామికభూసేకరణము జహీరాబాదు ప్రాంతమునకును వచ్చినది. ఎకరమో రెండెకరములో గల స్త్రీకి, నేల పోయినచో విత్తనము బుట్టలో రెండేండ్లకంటె నిలువదు. బెయిలీ పన్నుకట్టుట కలసందలు వేసెను. జహీరాబాదు స్త్రీలు బీడును జేను చేసి చూపిరి. ఈ రెండును నేలకు వేఱొక వెల గలదని చూపు ప్రయత్నములే. అవి యెంతవఱకు నిలుచునో రాఁబోవు దశకములు తేల్చవలెను.

మహాభాష్యపు పస్పశాహ్నికమునఁ బతంజలి యొక చక్కని మాట చెప్పెను: కుండ కావలసినవాఁడు కుమ్మరి యింటికిఁ బోయి చేయుమని యడుగును గాని, మాట కావలసినవాఁడు వైయాకరణుని యింటికిఁ బోయి యడుగఁ డని. విత్తన మీ రెంటికి నడుమఁ గలది. జహీరాబాదు సీమలో విత్తనము కావలసినవాఁడు కుండకుఁ బోయినట్లే ఆ స్త్రీ యింటికిఁ బోవును. కాని మాటవలెనే అది వెలకు దొరకదు. ఏరువాకకుఁ గొలిచిన మానికెడు విత్తనమునకు, పంట వచ్చిన పిదప రెండు మానికలు తెచ్చి కొలువవలెను. ఆ రెండవ మానిక మఱుసటి యేఁడు వేఱొక యింటికిఁ బోవును.